బంజారా హిల్స్‌లో బంజారాలు ఎక్కడ? పాత కాగితాల్లో మేము వెతికిన సంగతి

ప్రతి ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతి దగ్గరికి రాగానే మన గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతది. బంజారా హిల్స్ మొత్తం మన తాతలదని, నిజాం కాలంలో తాండాలను లేపేసి నవాబులు బంగళాలు కట్టుకున్నారని. కింద వెంటనే ఎవరో ఒకరు 'కాగితం ఉంటే చూపించు' అంటరు. ఇంక అక్కడినుంచి తిట్లు. ఏడాదికోసారి ఇదే తంతు. మనవాళ్ళ దగ్గర కాగితం ఉండదు, అవతలివాళ్ళు కాగితం చూసి మాట్లాడరు.

అందుకని హాస్టల్లో మేము కొందరం కూర్చుని అనుకున్నాం: అసలు ఈ కొండల గురించి ఏయే కాగితాలు ఉంటాయి, వాటిల్లో ఏం దొరుకుతది, ఏం దొరకదు అన్నది తెలుసుకుందామని. ఇది ఆ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. మా లెక్క ముందే చెప్తున్నాం: ఆ మెసేజ్‌లో సగం నిలబడుతది, సగం ఇప్పుడున్న ఆధారాలతో నిలబడదు. నిలబడని సగం అబద్ధం కాబట్టి నిలబడట్లేదా, రాసేవాడు రాయలేదు కాబట్టి నిలబడట్లేదా అన్నదే అసలు ప్రశ్న.

ముందు పేరు సంగతి. 'బంజారా హిల్స్' అన్న పేరు పాతది కాదు. 1920ల తర్వాత, ముఖ్యంగా 1930లలో వాడుకలోకి వచ్చిన పేరు. దాన్ని వాడుకలోకి తెచ్చింది నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అని హైదరాబాద్ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి, తర్వాత 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడ్డప్పుడు దానికి తొలి గవర్నర్. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పేరులో ఉన్నది ఈయనే. ఊరికి దూరంగా, బండరాళ్ళ మధ్య, రాళ్ళను పగలగొట్టకుండా వాటినే గోడలుగా కలుపుకొని ఇల్లు కట్టుకున్నాడు. దానికి బంజారా భవన్ అని పేరు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల కొండల్లో బంజారాలు ఉండేవాళ్ళు కాబట్టి ఆ పేరు అని ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్ళూ, నగర చరిత్రకారులూ అందరూ ఒకే మాట చెప్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనం ఈ కొండల్లో ఉన్నామనడానికి అందరూ ఒప్పుకునే ఆధారం, మన తర్వాత వచ్చి ఇల్లు కట్టుకున్న ఒక పెద్దమనిషి ఆ ఇంటికి పెట్టుకున్న పేరు. ఆయన మంచి మనసుతోనే పెట్టి ఉండొచ్చు, దాన్ని కాదనడం లేదు. కానీ ఆ పేరు మిగిలినట్టు ఒక్క నాయక్ పేరు మిగల్లేదు, ఒక్క తాండా పేరు మిగల్లేదు. 1933లో రవీంద్రనాథ్ టాగోర్ హైదరాబాద్ వచ్చి ఈ కొండల మీదే బస చేశాడు. ఆ సంగతి ఇప్పటికీ అందరూ గొప్పగా చెప్పుకుంటారు. అప్పుడు ఆ కొండల్లో మేకలు కాస్తున్నది ఎవరో చెప్పుకునేవాళ్ళు లేరు.

పేరు కొత్తదే అయినా మనుషులు కొత్త కాదు. దీనికి ఆధారం కాగితంలో కాదు, రాయిలో ఉంది. గోల్కొండ కోట బయటి గోడకు ఎనిమిది దర్వాజాలు. ఫతే దర్వాజా, మక్కా దర్వాజా, మోతీ దర్వాజా అని అందరికీ తెలిసినవి పోను, ఒకటి బంజారీ దర్వాజా. రోజూ ఆటోలు, స్కూలు బస్సులు దాని కిందినుంచే పోతుంటాయి. కోటకు ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద మోసుకొచ్చే లదేణి బిడారులకు సంబంధించిన పేరు అది. కోట పక్కన కార్వాన్ పేటకు ఆ పేరు బిడారుల వల్లనే వచ్చింది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఇంకా నిలబడే ఉంది. మనుషులకు గదులు, జంతువులకు చోటు ఉన్న కట్టడం. ఇప్పటి బంజారా హిల్స్‌లో చాలా భాగం రెవెన్యూ లెక్కల్లో ఆ షేక్‌పేట గ్రామం కిందికే వస్తుందని గుర్తుపెట్టుకోండి, కాగితాల దగ్గర పనికొస్తుంది.

ఒక బిడారులో వేల ఎద్దులు ఉండేవి. వాటికి రోజూ మేత, నీళ్ళు కావాలి. పేట మధ్యలో దిగలేరు. కోటకు దగ్గరగా, పంట లేని చోట, కుంటలున్న గుట్టల్లోనే దిగాలి. గోల్కొండ నుంచి ఖైరతాబాద్ వైపు ఉన్న గుట్టలు సరిగ్గా అట్లాంటివి. ఇది మా అంచనా, రాసి ఉన్న మాట కాదు. కానీ మ్యాపు ముందు పెట్టుకుని ఎద్దుల లెక్కతో ఆలోచిస్తే ఇంకో జవాబు తట్టదు.

1882లో కంబర్లెజ్ అనే ఇంగ్లిష్ అధికారి బేరార్‌లో మనవాళ్ళ గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో భంగి, జంగి నాయక్‌ల కథ ఉంది. దక్కన్ మీదికి వచ్చిన మొగల్ సైన్యానికి ధాన్యం మోసినందుకు వజీరు ఆసఫ్ ఖాన్ వాళ్ళకు రాగిరేకు మీద హక్కులు రాసిచ్చాడని, నీళ్ళకు, గడ్డికి ఎవరూ అడ్డం చెప్పకూడదని అందులో ఉందని చెప్పుకునేవాళ్ళు. మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఇప్పటికీ ఏదో రూపంలో చెప్పే కథే ఇది. గమనించండి, ఆ రాగిరేకులో అడిగింది పొలం కాదు. దారి, నీళ్ళు, గడ్డి. మనవాళ్ళు దాచుకున్న దస్తావేజు అట్లాంటిది. సర్కారు దాచింది వేరే రకం.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. లదేణి ఒక్క రోజులో ఆగిపోలేదు గానీ, ఉప్పు బస్తాకు రైలు ఖర్చు ఎద్దు ఖర్చు కంటే తగ్గిన దగ్గర్నుంచి ఎద్దులు ఓడిపోతూనే వచ్చాయి. బ్రిటిష్ ఇండియాలో అంతకు మూడేళ్ళ ముందే, 1871లో, నేరస్థ జాతుల చట్టం వచ్చింది; తిరిగే ప్రతి జాతినీ అనుమానంగా చూసే కాలం అది. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద పెద్ద పుస్తకం వేసేటప్పటికి మనవాళ్ళు పశువులు మేపేవాళ్ళుగా, కట్టెలు అమ్మేవాళ్ళుగా, కూలీలుగా మారుతున్నారు. ఆ పుస్తకం చదవండి, కానీ జాగ్రత్తగా. మన బట్టలు, పెళ్ళిళ్ళు, దేవుళ్ళ గురించి పేజీలకు పేజీలు ఉంటుంది. మనం ఏ నేల మీద ఉన్నామో చెప్పదు. ఆ రోజుల్లో ఈ రకం పుస్తకాలన్నిటి తీరూ అంతే.

సరే, కాగితాల దగ్గరికి వద్దాం.

తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఓయూలో చదివే మనవాళ్ళు రోజూ దాని ముందునుంచే పోతారు, లోపలికి పోయినవాళ్ళు తక్కువ. మొగలుల కాలం నుంచి అసఫ్‌జాహీల కాలం దాకా వేల ఫైళ్ళు అక్కడ ఉన్నాయి. మొదటి గోడ భాష. 1880ల దాకా నిజాం సర్కారు పని ఫార్సీలో, ఆ తర్వాత ఉర్దూలో నడిచింది. అది కూడా అచ్చులో ఉన్నట్టు ఉండదు, షికస్తా అనే గొలుసుకట్టు రాత. తెలుగు మీడియంలో చదివిన మనకు పక్కన తెలిసిన మనిషి లేకపోతే అది గీతలే.

రెండో గోడ తారీఖు. ఫైలు మీద 1339 అని ఉంటే కంగారుపడొద్దు, అది ఫసలీ సంవత్సరం. హైదరాబాద్ ఫసలీ అక్టోబర్‌లో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం ఏ ఇంగ్లిష్ సంవత్సరంలో మొదలైందో వస్తుంది. అంటే 1339 ఫసలీ 1929 అక్టోబర్‌లో మొదలై 1930 అక్టోబర్ దాకా నడిచింది. ఫైలులో నెల చూడకుండా ఏడాది రాసుకుంటే ఒక సంవత్సరం తేడా పడిపోతది.

మూడోది నేల రకం. నిజాం రాజ్యంలో భూమి అంతా ఒక్క సర్కారు చేతిలో లేదు. దివానీ భూములు వేరు, నిజాం సొంత ఖర్చుకు ఉంచుకున్న సర్ఫేఖాస్ వేరు, జాగీర్లు, పైగాలు వేరు. నగరం చుట్టూ ఉన్న జిల్లా అత్రాఫ్-ఎ-బల్దా సర్ఫేఖాస్ కింద ఉండేది. సర్ఫేఖాస్‌ను ప్రభుత్వంలో కలిపింది 1949లో, జాగీర్లు రద్దయింది కూడా ఆ ఏడాదే. కాబట్టి 1949కి ముందు ఒక సర్వే నంబరు గురించి వెతకాలంటే, అది ఎవరి కింద ఉందో తెలిస్తేనే ఏ దఫ్తర్ అడగాలో తెలుస్తది. ఇది తెలియక దివానీ రికార్డులో వెతికి 'ఏం లేదు' అని తిరిగొచ్చేస్తారు చాలామంది.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన విషయం. ఉర్దూలో బంజర్ అంటే సాగు లేని బీడు నేల. తెలుగులో బంజరు అంటున్నాం, అదే మాట. బంజారా అంటే మనం. ఉర్దూ రాతలో ఈ రెంటికీ తేడా ఎంత? బంజర్‌లో నాలుగు అక్షరాలు: బే, నూన్, జీమ్, రే. బంజారాకు మధ్యలో ఒక అలిఫ్, చివర ఒక హే. అలిఫ్ అంటే నిలువు గీత, హే అంటే చిన్న మలుపు. షికస్తాలో చుక్కలే సరిగ్గా పెట్టరు, గీతా మలుపూ పక్క అక్షరంలో కలిసిపోతే అడిగేదెవరు? ఒక పాత ఫైలులో ఈ గుట్టల పక్కన ఆ మాట కనపడిందనుకోండి, చదివే మనిషిని బట్టి అది 'బంజరు గుట్టలు' కావొచ్చు, 'బంజారా గుట్టలు' కావొచ్చు.

అందుకే కొందరు బంజారా హిల్స్ పేరు మనవల్ల రాలేదు, బంజరు భూమి కాబట్టి వచ్చింది అని వాదిస్తారు. మేము ఒప్పుకోం. మెహదీ నవాజ్ జంగ్ ఉర్దూ బాగా తెలిసిన మనిషి, తన ఇంటికి 'బీడు భవనం' అని పేరు పెట్టుకోడు. కానీ ఆ వాదనలో మనం పట్టుకోవాల్సింది ఒకటి ఉంది. సర్కారు లెక్కలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే బతికాయి. నేల బంజరు అని రాసుకున్నాక అక్కడ మనుషులు లేనట్టే. దున్నితేనే సాగు, శిస్తు కడితేనే పేరు. మేకలు మేపితే, కట్టెలు కొడితే, గుడిసె వేసుకుంటే ఆ నేల బీడుగానే ఉంటది. ఒక అలిఫ్ తీసేస్తే మనిషి పోయి మట్టి మిగులుతది.

పహాణీ సంగతి అందరికీ ఎంతో కొంత తెలుసు. తెలంగాణలో భూమి తగాదా ఏది తీసుకున్నా చివరికి 1954-55 ఖాస్రా పహాణీ దగ్గరికి వచ్చి ఆగుతది. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు ఎవరు, కాస్తులో ఎవరున్నారు అని గడులుంటాయి. చివర కైఫియత్ అని ఒక గడి, అంటే రిమార్కు. మన ఊళ్ళల్లో పట్టాదారు గడిలో దొర పేరు, కాస్తు గడిలో మనోడి పేరు ఉన్న సందర్భాలు ఉన్నాయి. కౌలుదారు హక్కులు దాన్ని పట్టుకునే వచ్చాయి. కొండల్లో ఆ అవకాశమూ లేదు. కాస్తే లేనప్పుడు కాస్తుదారు గడిలో ఏం రాస్తారు? మేపుకునేవాడికి పహాణీలో గడి లేదు. మన పేరు ఎవరో కొట్టేశారని చాలామంది అనుకుంటారు. మేము చూసినంత మేరకు సమస్య అంతకంటే ముందే ఉంది, రాసుకునే చోటే లేదు. ఏమన్నా దొరికితే కైఫియత్ గడిలోనే దొరకాలి. అందుకే చదివేవాళ్ళు పేర్ల గడులు వదిలేసి ముందు ఆ చివరి గడి చూడాలని మేము అనుకుంటున్నాం.

ఇంక మ్యాపులు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చి వేలమంది చనిపోయాక నగరాన్ని కొత్తగా కొలవాలనుకున్నారు. లియొనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఇల్లిల్లూ, చెట్టూ బావీ కూడా గీసిన మున్సిపల్ మ్యాపులు తయారయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. మన్ మ్యాపులు చూస్తే కళ్ళు తిరుగుతాయి, అంత వివరం. కానీ అవి నగరం మ్యాపులు. మన గుట్టలు అప్పటికి నగరం కాదు. వాటి కోసం సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు చూడాలి. హైదరాబాద్ 56 కె షీటులో వస్తుంది. ఒక అంగుళానికి ఒక మైలు లెక్కన గీసిన పాత షీట్లలో గుట్టలు, కుంటలు, కాలిబాటలు కనపడతాయి. తెలంగాణ షీట్లలో చాలా చోట్ల 'తాండా' అని పేరు కూడా వేసి ఉంటది. వేర్వేరు సంవత్సరాల షీట్లు పక్కపక్కన పెట్టి, ఏ కాలిబాట రోడ్డయింది, ఏ కుంట మాయమైంది అని చూడటమే పని. డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి. మా జాగ్రఫీ తమ్ముళ్ళు దీనికి పనికొస్తారు.

వరద, ఆ తర్వాత ప్లేగు, ఈ రెండూ డబ్బున్నవాళ్ళను మూసీ ఒడ్డునుంచి ఎత్తు ప్రాంతాల వైపు చూసేట్టు చేశాయి. 1930 ప్రాంతంలో బంజారా చెరువు కట్టారు. హమీద్ ఖాన్ కుంట అన్న పేరు కూడా దానిదే. తర్వాత దాని ఒడ్డున పెద్ద హోటల్ లేచింది. రోడ్లకు పేర్లు పెట్టే ఓపిక లేక కాబోలు నంబర్లు వేశారు: రోడ్ నంబర్ 1, 2, 3 అంటూ. తాండాకు నాయక్ పేరు, గుట్టకు దేవత పేరు, కుంటకు తవ్వించినవాడి పేరు పెట్టుకునే చోట నంబర్లు రావడం కూడా ఒక చరిత్రే.

1948లో హైదరాబాద్ యూనియన్‌లో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని ఇక్కడే అయింది. మంత్రులు, ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు, కోస్తా నుంచి వచ్చిన రైతు కుటుంబాలు, తర్వాత సినిమావాళ్ళు, ఆసుపత్రులు. ఈ భాగం అందరికీ తెలిసిందే, పత్రికల్లో బోలెడంత ఉంది.

కానీ 1976 మీద కొంచెం ఆగాలి. ఆ ఏడాది పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం: హైదరాబాద్ లాంటి నగరంలో ఒకరికి 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదని. ఇంకోటి ఎస్సీ, ఎస్టీ జాబితాల సవరణ చట్టం: అది 1977లో అమల్లోకి వచ్చి, తెలంగాణలోని లంబాడాలు కూడా ఎస్టీ జాబితాలోకి వచ్చారు. (దీనిమీద మన గ్రూపులోనే ఎంత వాదన ఉందో తెలుసు. గోండు, కోయ అన్నలతో ఆ మాట వేరే పోస్టులో, మర్యాదగా మాట్లాడుకుందాం.) పరిశోధనకు ఈ రెండు చట్టాలూ రెండు రకాలుగా పనికొస్తాయి. మొదటి చట్టం వల్ల భూమి ఉన్నవాళ్ళు తమకు ఎక్కడెంత ఉందో డిక్లరేషన్లు ఇవ్వాల్సి వచ్చింది. అంటే గుట్టలు ఎవరి చేతుల్లోకి పోయాయో వాళ్ళ చేతి రాతలోనే ఉంది. రెండో చట్టం వల్ల 1981 జనాభా లెక్కల్లో మన సంఖ్య ఒక్కసారిగా పెరిగినట్టు కనపడుతది. మనుషులు పెరిగింది కొంతే, ఎక్కువ భాగం గడి మారింది. 1971నీ 1981నీ పక్కపక్కన పెట్టి ఎవరన్నా గ్రాఫ్ గీస్తే ముందు ఈ సంగతి అడగండి.

ఇంకో మాట. బంజారా హిల్స్ నుంచి బంజారాలు పూర్తిగా పోయారనేది కూడా సరి కాదు. వేరే దారిలో తిరిగొచ్చారు. బంగళాలకు రాయి కొట్టాలి, పునాది తవ్వాలి, సిమెంటు మోయాలి. పాలమూరు, నల్లగొండ వైపు కరువు ఉన్నప్పుడల్లా కూలీలు వచ్చారు, అందులో మనవాళ్ళు తక్కువేం కాదు. రోడ్ల వెనక సందుల్లో బస్తీలు లేచాయి. అందులో ఒకదాని పేరు దేవరకొండ బస్తీ. పేరే ఎక్కడినుంచి వచ్చారో చెప్తున్నది. ఇంకోటి సింగాడికుంట, అక్కడొక కుంట ఉండేదని ఆ పేరే సాక్ష్యం. తాతలు ఎద్దులు దించిన గుట్టల్లోకి మనవలు తట్ట పట్టుకుని వచ్చారంటే వినడానికి బాగుంటది కానీ, ఇద్దరూ ఒకే కుటుంబాలని చెప్పే ఆధారం మాకు కనపడలేదు. పాత తాండాలవాళ్ళు ఎటు పోయారన్నది ఇప్పటికీ తెరిచే ఉన్న ప్రశ్న. బస్తీల చరిత్రకు మాత్రం కాగితాలు ఉన్నాయి: ఓటరు జాబితాలు, ఇంటి పన్ను రసీదులు, పట్టాల లిస్టులు, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లు. ఇవి ఏ ఆర్కైవ్స్‌లోనూ లేవు, ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. వానకు తడిసి పోతున్నాయి.

2022 సెప్టెంబర్ 17న బంజారా హిల్స్‌లో సేవాలాల్ బంజారా భవన్, కుమ్రం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. మనలో చాలామంది ఆ రోజు పోయి ఫొటోలు దిగినం. మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు మొదటి బంజారా భవన్ అయితే ఇది రెండోది, ఈసారి పేరు మనది, లోపల మనం. మా కోరిక ఒక్కటే: ఆ భవన్‌లో ఫంక్షన్ హాలుతో పాటు ఒక గది కాగితాలకు ఉండాలి. టోపో షీట్ల కాపీలు, ఖాస్రా పహాణీ నకళ్ళు, పెద్దోళ్ళ రికార్డింగులు, ట్రంకు పెట్టెల్లోని రసీదుల స్కాన్లు. వచ్చే ఫిబ్రవరిలో మెసేజ్ కింద 'కాగితం చూపించు' అన్నవాడిని ఆ గదికి తీసుకుపోవచ్చు.

నకళ్ళ గురించి ఒక అనుభవం. ఒక ఆఫీసులో (పేరు వద్దులెండి) మమ్మల్ని నాలుగుసార్లు తిప్పారు. ఎందుకు కావాలి, ఏ పార్టీ, ఏ కేసు అని అడిగారు. చదువుకోవడానికి అంటే నవ్వారు. చివరికి సమాచార హక్కు చట్టం కింద రాసి ఇచ్చాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టంలో ఉంది కాబట్టి జవాబు వచ్చింది. దరఖాస్తులో 'షేక్‌పేట రికార్డులన్నీ' అని రాస్తే ఏదీ ఇవ్వరు. గ్రామం, సర్వే నంబరు, సంవత్సరం, రికార్డు పేరు రాయండి.

ఇప్పుడు పని. సాయం కావాల్సినవి మూడున్నాయి. ఉర్దూ చదవగలిగే మనవాళ్ళు ఎవరన్నా ఉంటే ముందుకు రండి, షికస్తా నేర్చుకునే ఓపిక ఉంటే ఇంకా మంచిది. రెండు, ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ హైదరాబాద్ గుట్టల మీద దిగినట్టు, కట్టెలు అమ్మినట్టు ఏమన్నా చెప్పి ఉంటే ఫోన్లో రికార్డు చేయండి. గోర్‌బోలిలోనే చేయండి, తెలుగులో చెప్పమని ఇబ్బంది పెట్టొద్దు. కుంటల పేర్లు, చెట్ల పేర్లు, ఎవరి తోట పక్కనుంచి పోయేవాళ్ళు, ఇట్లాంటివి అడగండి. ఏ సంవత్సరం అని అడిగితే ఏం రాదు. మూడు, బస్తీల్లో చుట్టాలున్నవాళ్ళు 1990కి ముందు రసీదులు, కరెంటు బిల్లులు ఏమున్నా ఫొటో తీసి మాకు పంపండి, అసలు వాళ్ళ దగ్గరే ఉండాలి. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉంటే కప్పేసి తీయండి.

వచ్చే నెల సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే తార్నాక మళ్ళీ పోతున్నాం. వచ్చేవాళ్ళు కాలేజీ ఐడీ, ప్రొఫెసర్ ఇచ్చిన ఉత్తరం తెచ్చుకోండి. రాసుకోవడానికి పెన్సిలే తెచ్చుకోండి, ఆ పాత కాగితాల దగ్గర పెన్ను తీయొద్దు.